చేసిన చేతికే తెలుస్తుంది

పుస్తకానికి కాలు తగిలితే వంగి ముట్టుకుని కళ్ళకద్దుకోవాలని నాకు ఎవరు నేర్పారో గుర్తు లేదు. నడకతోపాటే అదీ వచ్చి ఉంటుంది. పుస్తకమే కానక్కర్లేదు, వేరుసెనక్కాయలు తిని పారేసిన పొట్లం కాగితం మీద అడుగు పడినా చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళేది. మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. ఆవిడా అద్దుకునేది. తను చదవలేని కాగితానికి ఆవిడ ఎందుకు దణ్ణం పెడుతోందా అన్న అనుమానం చిన్నప్పుడు నాకు రాలేదు. అరవై దాటాక, మొన్న మార్చిలో వచ్చింది.

మా నాన్న రాజమండ్రిలో ఒక ప్రెస్సులో బైండరు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, పంచాంగాలు, స్కూళ్ళ రిజిస్టర్లు, ఏ కాలానికి ఆ పని. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఆయన సంచిలో కటింగ్ మిషన్ కింద పడ్డ ముక్కలు ఉండేవి. రెండు వేళ్ళ వెడల్పు, మూరెడు పొడవు. పెళ్ళిళ్ళ కాలంలో గులాబీ, పసుపు, లేతాకుపచ్చ. రిజిస్టర్ల కాలంలో అన్నీ తెలుపే. మేం నలుగురు పిల్లలం ఆ సంచి కోసం వీధి గుమ్మంలో కూర్చునేవాళ్ళం. ఆ ముక్కలతో గొలుసు తోరణాలు చేసేవాళ్ళం, బొమ్మలకి చాపలు అల్లేవాళ్ళం, గాలిమరలు చేసి చీపురుపుల్లకి గుచ్చి గోదావరి గట్టు మీద పరిగెత్తేవాళ్ళం.

జిగురు నాన్నే ఉడకేసేవారు. రెండు చెంచాల మైదా, గ్లాసుడు నీళ్ళు, సన్నటి సెగ. ఉండ కట్టకుండా కలుపుతూ ఉంటే పాలలా ఉన్నది కాస్తా గంజిలా చిక్కబడి, ఆ పైన నిగనిగలాడుతుంది. అప్పుడు దించాలి. ప్రెస్సులో అయితే పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో వద్దని మాకు మామూలు జిగురే చేసేవారు. రెండో రోజుకి పులిసిపోయేది. మళ్ళీ ఉడకేసేవారు. రోజంతా జిగురులో చేతులు ముంచిన మనిషి ఇంటికొచ్చి మళ్ళీ జిగురు గిన్నె పొయ్యి మీద పెట్టడమంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది.

ఒకరోజు ఆయన పాత పేపరు నా చేతికిచ్చి "నిలువుగా చింపు" అన్నారు. గీత గీసినట్టు చిరిగింది. "ఇప్పుడు అడ్డంగా." అది వంకర్లు పోయి ఎక్కడికో వెళ్ళింది. "మిల్లులో గుజ్జు ఎటు పారిందో కాగితంలో పీచు అటే పడుకుంటుంది. దాని వాలు చూసుకుని మడిస్తే మన మాట వింటుంది. ఎదురు మడిస్తే పగులుతుంది" అన్నారు. మీరు ఇవాళే ఒక పెద్ద సైజు దినపత్రికతో చేసి చూడండి. ఆ రోజు నుంచి నాకు కాగితం వట్టి తెల్లటి వస్తువుగా కనిపించలేదు. మా ఊళ్ళోనే కాగితం మిల్లు ఉంది. వెదుళ్ళు వేసుకుని లారీలు వెళ్తుంటే "అదిగో, వచ్చే ఏడాది మన నోటు పుస్తకాలు" అనుకునేవాళ్ళం.

దసరాకి ప్రెస్సులో ఆయుధ పూజ. నాన్న కటింగ్ మిషన్‌ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కత్తికి పసుపు రాసి, బొట్టు పెట్టేవారు. దబ్బనానికీ, కత్తెరకీ, చివరికి జిగురు గిన్నెకీ. ఆ గిన్నెకి బొట్టు పెట్టే పని నాది. "ఏడాది పొడుగునా మనకి చేసిపెట్టినవి, ఇవాళ ఒక్కరోజు వాటిని కూర్చోనిద్దాం" అనేవారు. ఆ రోజు ఎంత అర్జంటు పనొచ్చినా మిషన్ తిప్పేవారు కాదు.

మొన్న మార్చిలో మా మనవరాలికి ఏడేళ్ళు నిండాయి. నేను ఇప్పుడు హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అపార్టుమెంటు కింద హాల్లో పార్టీ, బెలూన్లు, కేకు, ఇరవై మూడు కానుకలు. పైకి తెచ్చాక పాప వాటి మధ్యలో కూర్చుంది. చింపడం మొదలైంది. ఒక్కో కానుకకీ మా అమ్మాయి "థాంక్యూ చెప్పు" అనడం, పాప తల ఎత్తకుండానే "థాంక్యూ ఆంటీ" అనడం. అప్పటికే చెయ్యి రెండో పెట్టె మీద ఉండేది. అరగంటలో అంతా అయిపోయింది. బొమ్మలన్నీ ఒక మూల, చిరిగిన రంగు కాగితాలు ఇల్లంతా. "ఈ రంగు పెన్సిళ్ళ పెట్టె ఎవరిచ్చారమ్మా?" అని అడిగాను. తెలియదంది. దాన్ని తప్పుపట్టను. ఒక్క పూటలో ఇరవై మూడు వచ్చిపడితే పెద్దవాళ్ళకైనా ఇచ్చినవాళ్ళ మొహాలు గుర్తుండవు. వచ్చిన పిల్లలందరికీ మేమూ రిటర్న్ గిఫ్టులు ఇచ్చాం. వాళ్ళు వాటిని లిఫ్టులోనే చింపేశారు.

ఆ రాత్రి నిద్ర పట్టక కృతజ్ఞత అన్న మాట గురించి ఆలోచించాను. దాన్ని విడదీస్తే కృతం, జ్ఞ. చేసినది, ఎరిగినవాడు. తనకోసం ఎవరో చేసిన పనిని ఎరిగి ఉండటం. దానికి ఎదురు మాట కృతఘ్నత. చేసినదాన్ని చంపెయ్యడం. ఈ రెండు మాటల్లోనూ చెప్పడం అన్నది లేదు. మొదటిదాంట్లో ఉన్నది ఎరగడమే. మనం పిల్లలకి చెప్పడం నేర్పుతున్నాం. ఎరగడం ఎవరు నేర్పాలి?

మన ఇళ్ళలో ధన్యవాదాలు అన్న మాటకి చోటే లేదు. అమ్మ అన్నం వడ్డిస్తే ఏ కొడుకూ ధన్యవాదాలు అనడు. అంటే ఆవిడకి మనసు చివుక్కుమంటుంది, నన్ను పరాయిదాన్ని చేశాడని. మన మాటలు వేరు. "నీ కడుపు చల్లగా ఉండ", "నీ పేరు చెప్పుకుని ఇంత తిన్నాం", "వెయ్యేళ్ళు బతుకు నాయనా". ఇవన్నీ దీవెనలు. అంతకంటే పెద్ద కృతజ్ఞతలు మాటల్లో లేవు, చేతుల్లో ఉన్నాయి. కనుమనాడు ఎడ్లకి స్నానం చేయించి కొమ్ములకి రంగులు వేస్తాం. కోతలయ్యాక వరి కంకులు కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం వసారాలో కడతాం. ఎద్దుకి మాట చెబితే ఏం తెలుస్తుంది, ఒళ్ళు రుద్దితే తెలుస్తుంది.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వాడి కొడుక్కి ఐదేళ్ళు. అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ పండగ. 1863లో లింకన్ ప్రకటించాడు, 1941లో చట్టం చేసి ఆ గురువారాన్ని ఖాయం చేశారు. పండగ ముందు బళ్ళో పిల్లల చేత కాగితం మీద అరచెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీయిస్తారు. బొటనవేలు టర్కీ కోడి తల, మిగతా నాలుగు వేళ్ళూ ఈకలు. ఒక్కో ఈక మీద ఒక్కో కృతజ్ఞత రాయాలి. మా మనవడు వీడియోలో ఆ కాగితం ఎత్తి చూపించాడు. అమ్మ, నాన్న, లెగో, పక్కింటి కుక్క. నాకు బాగా నచ్చింది, ముఖ్యంగా ఆ కుక్క. ఎవరూ చెప్పకుండా వాడికి వాడుగా తోచిన ఈక అదొక్కటేనని నా నమ్మకం. ఆ చిన్న అరచెయ్యి గీత చూస్తూ ఒకటి అనుకున్నాను. రాసిన నాలుగు మాటల కంటే వాడు కదలకుండా చెయ్యి కాగితం మీద ఆనించి ఉంచిన ఆ రెండు నిమిషాలే అసలు చదువేమో.

మళ్ళీ మార్చికి వస్తాను. పార్టీ అయిన రాత్రే చెత్త సంచిలోంచి గిఫ్టు కాగితాలు తీసి, బాగున్నవి గచ్చు మీద పరిచి అరచేత్తో సాపు చేసి, నా పరుపు కింద పెట్టాను. మర్నాడు ఆదివారం. పాప లేచి వచ్చేసరికి చాప మీద కాగితాలు, మొన లేని కత్తెర, గిన్నెలో గోరువెచ్చటి మైదా జిగురు.

"ఏం చేస్తున్నావు అమ్మమ్మా?"

"కవర్లు."

"ఎవరికి?"

"నాకేం తెలుసమ్మా? పుట్టినరోజు నీది."

కూర్చుంది.

ముందు చదరం కావాలి. చిరిగిన కాగితానికి ఒక్క అంచూ తిన్నగా లేదు. మొదట పైనుంచి ఒక మడత, దానికి సరిగ్గా నిలువుగా ఇంకో మడత. రెండు తిన్నటి అంచులు, ఒక సరైన మూల వచ్చాయి. ఆ మూలని ఏటవాలుగా మడిచి, ఒక అంచుని రెండో అంచు మీద పడుకోబెట్టి, మిగిలినదాన్ని ఆ అంచుకి సరిగ్గా నిలువుగా కత్తిరించేస్తే విప్పగానే చదరం. "స్కేలు లేకుండానా?" అంది పాప. కళ్ళు పెద్దవి చేసుకుని మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పి చూసింది. 1893లో మద్రాసులో సుందరరావు అనే గణితజ్ఞుడు కాగితం మడతలతోనే క్షేత్రగణితం నేర్పే పుస్తకం ఇంగ్లీషులో అచ్చు వేయించారు. ఆ పుస్తకం మొదలయ్యేది ఇలా చదరం చేయడంతోనే. జర్మనీ గణిత పండితుడు ఫెలిక్స్ క్లైన్ దాన్ని మెచ్చుకుని తన పుస్తకంలో ప్రస్తావించాడు. ఆ తరవాత 1901లో షికాగోలోనూ అచ్చయింది. కిండర్‌గార్టెన్ పిల్లలకిచ్చే ఎనిమిదో కానుక, అంటే కాగితం మడత, చూసి తనకి ఈ ఆలోచన వచ్చిందని సుందరరావు ముందుమాటలో రాసుకున్నారు. కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన ఫ్రోబెల్ పిల్లల చేతికిచ్చే ఆట సామానుకి పెట్టిన పేరే కానుకలు. నాకు ఆ పేరు ఎంతో ఇష్టం. పిల్ల చేతికి ఇవ్వాల్సిన కానుక ఇంకా ఏమీ కాని ఒక కాగితం.

చదరాన్ని మూల పైకి వచ్చేలా తిప్పుకోవాలి. కుడి మూల, ఎడమ మూల మధ్యకి. కింది మూల వాటి మీదికి తెచ్చి జిగురు. పై మూల మూత. చెప్పడానికి ఇంతే. ఏడేళ్ళ పిల్లకి మొదటి కవరు చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గిఫ్టు కాగితం జారుడు రకం, మడత నిలవదు, వేలు తీస్తే లేచిపోతుంది. గోటితో గీస్తే రంగు రాలి తెల్లచార పడుతుంది. చెంచా బోర్లించి దాని వీపుతో నొక్కమని చూపించాను. ప్రెస్సులో నాన్న నున్నటి వెదురుబద్దతో అలాగే నొక్కేవారు. పాప నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కింది. ఒక మూల మధ్యగీత దాటిపోయింది. విప్పి మళ్ళీ మడిచింది. నా చెయ్యి రెండుసార్లు ముందుకి వెళ్ళబోయింది. ఆపుకున్నాను. మనం సరిదిద్దితే అది మన కవరైపోతుంది.

మొదటి కవరు ఎవరికని అడిగితే అన్నిటికంటే పెద్ద బొమ్మ తెచ్చిన స్నేహితురాలి పేరు చెప్పింది. మంచిదే అన్నాను. రెండోది రంగు పెన్సిళ్ళు ఎవరిచ్చారో వాళ్ళమ్మని అడిగి కనుక్కుని ఆ పిల్లవాడికి. మూడోది చేతిలో ఉండగా ఇంక ఎవరూ తోచలేదు. అప్పుడు అడిగాను.

"నిన్న నీ పుట్టినరోజుకి ఎవరెవరు ఏమేం చేశారో ఒకసారి చెప్పు."

మళ్ళీ కానుకల జాబితా చదివింది.

"కుర్చీలు ఎవరు వేశారు?"

"వాచ్‌మన్ అంకుల్."

"నువ్వు నిద్రపోయాక గిన్నెలన్నీ ఎవరు తోమారు?"

ఈసారి కొంచెంసేపు ఆలోచించింది. మా ఇంట్లో అంట్లు తోమే మనిషి ఆ రాత్రి పదిన్నర దాకా ఉంది. పాపకి ఆ సంగతి తెలియదు. తెలియడానికి వీల్లేదు కూడా. పొద్దున్నే లేచేసరికి గిన్నెలు మెరుస్తూ అలమరలో ఉంటాయి. పిల్లలకి అవి చెట్టుకి కాసినట్టే.

మూడో కవరు ఆవిడకి. లోపల ఏం పెట్టాలన్నది పాపే తేల్చుకుంది. ఆవిడకి చదువు రాదు కనక ఉత్తరం పనికిరాదు. బొమ్మ వేసింది. మేడంత ఎత్తు పళ్ళేల దొంతర, దాని పక్కన అంతే ఎత్తున ఎర్ర చీర కట్టుకున్న మనిషి. సోమవారం పొద్దున ఆవిడ రాగానే ఇచ్చింది. ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుని, కవరు తెరిచి, బొమ్మ చూసి, "ఇన్ని పళ్ళేలా తల్లీ!" అని నవ్వింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆ రాత్రి పనికి విడిగా డబ్బులు, ఆ ఆదివారం సెలవూ మా అమ్మాయి ముందే ఇచ్చింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కవరు కూలికి బదులు కాదు. ఇవ్వాల్సింది ఎగ్గొట్టి పిల్లల చేత పూలబొమ్మలు ఇప్పించడం కంటే పెద్ద తప్పు లేదు.

ఇక నాలుగో కవరు. వాచ్‌మన్‌కని చేసిన అది అన్నిటికంటే బాగా కుదిరింది. మూల మీద మూల సరిగ్గా పడింది. మూత మీద చిన్న కాగితం పువ్వు కూడా అంటించింది. దాన్ని చాప చివర ఆరబెట్టి నీళ్ళు తాగడానికి లేచింది. మూడేళ్ళ తమ్ముడు వచ్చి దాని మీద కూర్చున్నాడు. కూర్చుని, లేచి, తన వెనక అంటుకున్నదాన్ని లాగి ఉండ చుట్టాడు.

పాప ఏడుస్తూ అరిచింది. "నేను ఎంతసేపు కష్టపడి చేశానో తెలుసా నీకు?"

వంటింట్లో పప్పుచారు కలుపుతున్న మా అమ్మాయి చేతిలో గరిటె ఆగింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆ వాక్యం మా అమ్మాయిది. ఇరవై ఏళ్ళ కిందట నాది. అంతకుముందు మా అమ్మది. వంటింట్లోంచి పిల్లల మీదికి వచ్చే ఆ వాక్యం మొదటిసారి చాప మీంచి, ఒక పిల్ల నోటినుంచి వచ్చింది.

"చూశావా, అమ్మ కష్టం కూడా అంతే" అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆ పూట నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదే. ఏడుపు తగ్గాక ఇద్దరం కలిసి ఇంకోటి మడిచాం. మధ్యాహ్నం అన్నాల దగ్గర పాప పప్పుచారు వంక చూస్తూ "అమ్మా, ఇది ఎంతసేపు చేశావు?" అని అడిగింది. "నలభై నిమిషాలు" అంది మా అమ్మాయి. "ఓ" అని తినేసింది. సోమవారం టిఫిన్ దగ్గర మళ్ళీ సగం ఇడ్లీ వదిలేసింది. ఒక్క ఆదివారంలో పిల్ల మారిపోయిందని నేను చెప్పను. కానీ ఆ ప్రశ్న అడగడం ఏడేళ్ళలో అదే మొదటిసారి.

ఇక్కడ కొంచెం ఆగి, పెద్దవాళ్ళ సంగతి మాట్లాడాలి. మన భాషలో కృతజ్ఞతకి పక్కనే ఋణం అన్న మాట కాచుకుని ఉంటుంది. "మీ ఋణం తీర్చుకోలేను" అని పుచ్చుకున్నవాడు అంటే ఎంతో అందంగా ఉంటుంది. ఇచ్చినవాడు ఆ ఋణం గుర్తుచేస్తే అది వసూలు. "నిన్ను కని, పెంచి, ఇంత చదివిస్తే" అని మొదలయ్యే మాటలు మన ఇళ్ళలో రోజూ వినిపిస్తాయి. నేనూ అన్నాను. మా అమ్మాయి ఇంటర్లో ఉండగా మార్కులు తగ్గాయని, దానికోసం నేనేమేం వదులుకున్నానో వరసపెట్టి చదివాను. అది తలదించుకుని విన్నది. ఆ రోజు దానికి నామీద కృతజ్ఞత పెరగలేదు, భయం పెరిగింది. ఆ సంగతి దాని పెళ్ళయ్యాక అదే నాతో చెప్పింది. చేసినదాన్ని పిల్లలు తమంతట తాము ఎరగాలి. మనం పట్టీ రాసి చూపిస్తే అది అప్పు పత్రమే అవుతుంది.

అలాగే ఇంకొకటి. "అన్నం లేని పిల్లలు ఎంతమంది ఉన్నారో తెలుసా, నీకు దొరికినందుకు సంతోషించు" అంటాం. ఇది విన్న పిల్లకి లేనివాళ్ళ మీద జాలి పుట్టొచ్చు, లేదా తను మేలైనదాన్నన్న గర్వం పుట్టొచ్చు. అన్నం వండిన చెయ్యి, పండించిన చెయ్యి మాత్రం కనబడవు. ఎవరికో లేదని చెప్పడం కంటే ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పడం మేలని నా అభిప్రాయం.

కాగితంతోనే చెప్పొచ్చు. ఏ4 కాగితాల రీము 500. బరువు సుమారు రెండున్నర కిలోలు. అంటే ఒక్క కాగితం 5 గ్రాములు. పాప చేత వంటింటి త్రాసులో పది కాగితాలు తూయించి చూపించాను, యాభై వచ్చింది. ఆ 5 గ్రాముల కోసం ఉమ్మడి ప్రకాశం, కృష్ణా జిల్లాల మెట్ట పొలాల్లో రైతు సుబాబుల్ వేసి మూడు నాలుగేళ్ళు ఎదురుచూస్తాడు. కూలీలు కొట్టి, బెరడు ఒలిచి, లారీకి ఎత్తుతారు. మిల్లులో ముక్కలు చేసి, మందుల్లో ఉడికించి, గుజ్జు చేసి, నీళ్ళలో పలచగా పారించి, ఆరబెట్టి, చుట్టి, కోస్తారు. "ఇంతమందా!" అంది పాప. "ఇంకా కొట్టువాడు ఉన్నాడు" అన్నాను. "కొన్న నాన్న కూడా" అని అదే కలిపింది.

అందుకే ఈ పనికి కొత్త కాగితాల కట్ట కొనడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు క్రాఫ్టు కిట్లని పెట్టెలు వస్తున్నాయి. మెరుపు పొడి, స్పాంజి షీట్లు, వెనక జిగురంటించిన పూలు, కత్తిరించి సిద్ధంగా ఉంచిన కవర్లు. పిల్ల చేయాల్సింది అతికించడం ఒక్కటే. పది నిమిషాల్లో చూడముచ్చటైన కార్డు వస్తుంది, చెయ్యి మాత్రం ఏమీ నేర్చుకోదు. బళ్ళో ప్రాజెక్టంటే రాత్రి పదకొండింటిదాకా అమ్మే కూర్చుని చేసిపెట్టే ఇళ్ళు మా అపార్టుమెంటులోనే నాలుగున్నాయి. వంకర కవరే నయం. పాత క్యాలెండర్లు, శుభలేఖలు, మిఠాయి పెట్టెల లోపలి కాగితం, పేపరుతో వచ్చే రంగుల ప్రకటనలు, ఇంట్లో ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. మూడేళ్ళవాడికి చింపడమే ఆట. చింపనివ్వాలి, ఆ ముక్కలు అతికిస్తే బొమ్మ. ఐదేళ్ళకి సగానికి మడవడం వస్తుంది. ఏడేళ్ళకి కవరు, తొమ్మిది పదేళ్ళకి డబ్బా, చిన్న నోటు పుస్తకం. జూన్‌లో పుస్తకాలకి అట్టలు వేసే పని కూడా ప్లాస్టిక్ కవర్లు వచ్చాక పిల్లల చేతుల్లోంచి పోయింది. దాన్ని వాళ్ళకి తిరిగి ఇవ్వాలని నా కోరిక.

ఆ ఆదివారం సాయంత్రం చాప దులుపుతుంటే కింద పడ్డ కాగితం ముక్క మీద నా కాలు పడింది. అలవాటుగా వంగి కళ్ళకద్దుకున్నాను. పాప చూసి "అందులో ఏమీ రాసిలేదు కదా అమ్మమ్మా, వట్టి గిఫ్టు కాగితం" అంది. అప్పుడు వచ్చింది నాకు మా నాయనమ్మ మీద అనుమానం.

జవాబు కూడా ఆ వెంటనే గుర్తొచ్చింది. పంచాంగాల కాలంలో ప్రెస్సులో చేతులు చాలక నాన్న అచ్చయిన ఫారాలు కట్టలు కట్టి ఇంటికి తెచ్చేవారు. భోజనాలయ్యాక దీపం దగ్గర అమ్మ, నాయనమ్మ కూర్చుని మడిచేవారు. పెద్ద ఠావుని సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. మూడు మడతలకి పదహారు పేజీలు. నాయనమ్మకి అంకెలు కూడా సరిగ్గా రావు. మొదటి పేజీ మీద వినాయకుడి బొమ్మ గుర్తుపెట్టుకుని అది పైకి వచ్చేలా మడిచేది. బొమ్మ లేని ఫారానికి నాన్న మూలన పెన్సిలుతో చుక్క పెట్టి ఇచ్చేవారు. వందకింత అని కూలి. మడతల దగ్గర ఆవిడ బొటనవేలి చర్మం నున్నగా అరిగి, కాయకాచి ఉండేది. అలా ఎన్ని ఉగాదులకి ఎన్ని వేల ఫారాలు మడిచిందో లెక్క లేదు. చదవలేని కాగితాన్ని ఆవిడ ఎందుకు అద్దుకునేదో నన్ను ఇంకెవరూ అడగనక్కర్లేదు. ఆ కాగితానికి పట్టే పనంతా ఆ బొటనవేలికి తెలుసు.

పాపకి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "నాయనమ్మ బొటనవేలు ఎలా ఉండేదో చూపించు" అంది. నా వేలు చూపించాను. దానికీ దీనికీ పోలిక లేదు.

మీ ఇంట్లోనూ ఇవాళో రేపో చెత్తబుట్టలో వేయబోయే కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని తీసి పక్కన పెట్టండి. ఆదివారం పూట ఫోను వేరే గదిలో వదిలి, పిల్లలతోపాటు మీరూ చాప మీద కూర్చోండి. రెండు చెంచాల మైదాకి గ్లాసు నీళ్ళు, సన్నటి సెగ. మూల మీద మూల సరిగ్గా పడకపోయినా, వాళ్ళు అడిగేదాకా మీ చెయ్యి ముందుకి పోనివ్వకండి.